గ్వాదల్కివీర్ ఒడ్డున హపోన్‌లు

స్పెయిన్‌లో చాలాకాలం ఫుట్‌బాల్ రిఫరీని ఒక్క ఇంటిపేరుతో పిలిచేవారు కాదు. తండ్రి వైపు ఇంటిపేరు, తల్లి వైపు ఇంటిపేరు రెండూ కలిపి చెప్పడం అక్కడి వ్యాఖ్యాతలకు అలవాటుగా ఉండేది. 1990లలో లా లీగా మ్యాచులు చూసినవాళ్లకు అలా చెవిలో పడిపోయిన జంట పేరు ఒకటుంది: హపోన్ సెవీయా. హొసే హపోన్ సెవీయా అనే ఆ ఆండలూసియా రిఫరీకి నాన్న ఇచ్చిన ఇంటిపేరు జపాన్, అమ్మ ఇచ్చిన ఇంటిపేరు సెవీయా నగరం. స్పానిష్‌లో జపాన్‌ని హపోన్ అంటారు. ఆయన పసుపు కార్డు తీసిన ప్రతిసారీ రెండు ఖండాలు ఒక్క గుక్కలో వినపడేవి. మనిషి మాత్రం నిఖార్సయిన ఆండలూసియావాడు.

ఈ ఇంటిపేరుకు పుట్టినిల్లు కోరియ దెల్ రీయో. పేరు చూసి కొరియా దేశం దాకా వెళ్లనక్కర్లేదు. సెవీయాకి దక్షిణంగా పదిహేను కిలోమీటర్ల దూరంలో, గ్వాదల్కివీర్ నది కుడిగట్టున, ముప్పై వేల జనాభాతో ఉన్న పట్నం అది. నదిలో చేపలు పట్టడం, కింద చిత్తడి నేలల్లో పశువుల్ని మేపుకోవడం తరతరాలుగా ఇక్కడి బతుకు. స్టర్జన్ చేపల గుడ్లతో కావియార్ తయారుచేసే కార్ఖానా కూడా 20వ శతాబ్దంలో కొన్నాళ్లు నడిచింది. నది అవతలికి మనుషుల్నీ వాహనాల్నీ దాటించే బల్లకట్టు ఇప్పటికీ ఉంది. ఈ ఊళ్లో ఆరేడు వందల మంది ఇంటిపేరు హపోన్. స్పెయిన్ మొత్తం మీద అరుదైన పేరు. ఇక్కడ మాత్రం మాంసం కొట్లోనూ బడి హాజరుపట్టీలోనూ మామూలుగా వినపడే పేరు.

ఊరి పేరు ఇంటిపేరు కావడంలో తెలుగువాళ్లకు వింతేమీ లేదు. కందుకూరులో ఉన్నంతకాలం ఎవరూ కందుకూరి వారు కారు. ఆ ఊరు వదిలి ఇంకో ఊళ్లో కాపురం పెట్టాక, కొత్త ఊరివాళ్లు గుర్తుకోసం తగిలించే పేరది. స్పెయిన్‌లోనూ తొలేదో, సరగోస, మెదీన వంటి ఇంటిపేర్లు అలా వచ్చినవే. అయితే హపోన్ విషయంలో వదిలి వచ్చిన ఊరు పక్క సీమలో లేదు, రెండు మహాసముద్రాల అవతల ఉంది. పైగా ఆ పేరు వచ్చినవాళ్లు తమకు తాము పెట్టుకున్నదై ఉండదు. జపాన్‌వాళ్లు తమ దేశాన్ని నిహోన్ అనో నిప్పోన్ అనో అంటారు. 17వ శతాబ్దపు స్పెయిన్‌లో హపోన్ అంటే దేశమూ, ఆ దేశపు మనిషీ కూడా. కాబట్టి అది పొరుగువాళ్ల నోట పుట్టి, చర్చి గుమాస్తా కలంతో స్థిరపడిన పేరు.

ఇంతకీ అంత దూరం నుంచి ఎవరు వచ్చారు, ఎందుకు వచ్చారు?

జపాన్ ఈశాన్యాన సెందాయ్ ప్రాంతాన్ని ఏలిన దాతె మసమునె ఒంటికన్ను దొర. ధైర్యానికీ దర్పానికీ పేరుపడ్డవాడు. స్పెయిన్ పాలనలోని మెక్సికోతో, అంటే అప్పటి నూతన స్పెయిన్‌తో, నేరుగా వర్తకం నడపాలని ఆయన కోరిక. అప్పట్లో స్పెయిన్ ఓడలు మనీలా నుంచి అకపుల్కోకి పట్టు, పింగాణీ మోసుకెళుతూ జపాన్ తీరం పక్కనుంచే సాగేవి. ఆ లాభంలో తనకూ వాటా కావాలనుకున్నాడు. 1611 డిసెంబరులో ఆయన తీరాన్ని పెద్ద సునామీ ముంచెత్తింది. ఆ నష్టం పూడ్చుకోవడానికే మెక్సికోకి ఓడ పంపే ఆలోచన వచ్చిందని ఈ మధ్య కొందరు చరిత్రకారులు అంటున్నారు. ఆయనకు జోడీగా దొరికినవాడు లూయిస్ సొతేలో. ఫ్రాన్సిస్కన్ సన్యాసి, సెవీయాలో పెద్దింటి బిడ్డ. జపాన్ మత ప్రచారంలో మరో సన్యాసి సంఘమైన జెసూయిట్‌లదే పైచేయిగా ఉండటం ఆయనకు నచ్చదు. ఉత్తర జపాన్‌కు వేరే బిషప్ కావాలని, ఆ బిషప్ తానే కావాలని ఆశ. దొరకి వర్తకం, సన్యాసికి పీఠం. ఇద్దరి అవసరాలూ ఒకే ఓడ ఎక్కాయి.

స్పెయిన్ పద్ధతిలో కట్టిన ఆ ఓడ పేరు సాన్ హువాన్ బౌతీస్త. 1613 అక్టోబరు 28న త్సుకినోఉర రేవు నుంచి బయల్దేరింది. అందులో సుమారు 180 మంది. నలభై మంది దాకా స్పెయిన్, పోర్చుగల్ వాళ్లు. జపాన్‌ను ఏలే షోగున్ తరఫున పది మంది సమురాయ్‌లు, సెందాయ్ తరఫున పన్నెండు మంది. మిగిలిన నూట ఇరవై మందీ వర్తకులు, ఓడవాళ్లు, నౌకర్లు. ఈ లెక్క గుర్తుంచుకోవాలి, తర్వాత పనికొస్తుంది.

రాయబారిగా మసమునె ఎంచుకున్నది పెద్ద హోదా ఉన్నవాడిని కాదు. హసెకుర త్సునెనగ మధ్యశ్రేణి సమురాయ్, నలభై దాటినవాడు, జపాన్ చేసిన కొరియా దండయాత్రలో పోరాడినవాడు. ఆ ఏడాదే ఆయన తండ్రికి అవినీతి నేరం కింద మరణశిక్ష పడింది. ఇంటి పరువు తిరిగి నిలబెట్టుకోవాలంటే ఈ ప్రయాణమే దారి. సముద్రంలో పోయినా దొరకి పెద్ద నష్టం లేదు. మసమునె లెక్క చల్లగానే వేశాడనిపిస్తుంది.

1614 జనవరిలో అకపుల్కో చేరారు. రేవులో దిగీదిగగానే గొడవ. జపాన్‌కి రాయబారిగా వెళ్లి అదే ఓడలో తిరిగొచ్చిన సెబాస్టియన్ విస్కాయీనోకీ జపాన్ వాళ్లకీ మధ్య కత్తులు దూసుకునేదాకా వెళ్లింది. మెక్సికో నగరంలో నహువా జాతికి చెందిన చిమల్పాయిన్ అనే చరిత్రకారుడు ఈ రాకపోకలన్నీ తన భాషలో రాసుకున్నాడు. విస్కాయీనోని పొడిచిన సంగతీ అందులో ఉంది. దాంతో వైస్రాయ్ హసెకురకీ ఇంకో కొద్దిమందికీ తప్ప మిగతా అందరికీ ఆయుధాలు తీసేయించాడు. ఏప్రిల్‌లో వాళ్లలో డెబ్భై ఎనిమిది మంది బాప్తిస్మం తీసుకున్నారు. వర్తకులకు మత విశ్వాసం ఎంతో, క్రైస్తవులైతే బేరాలు సులువవుతాయన్న ఆలోచన ఎంతో విడదీసి చెప్పడం కష్టం.

ఎక్కువ మంది మెక్సికోలోనే ఆగిపోయారు. ముప్పై మంది దాకా హసెకుర వెంట అట్లాంటిక్ దాటి, హవానా మీదుగా 1614 అక్టోబరు 5న సాన్లూకర్ దె బర్రమేదలో దిగారు. గ్వాదల్కివీర్ సముద్రంలో కలిసే చోటు అది. అక్కడి ప్రభువు మెదీన సిదోనియా డ్యూక్ వాళ్లను నదిమీద పైకి పంపించాడు. సెవీయా నగరం స్వాగతానికి సిద్ధం కావాలి కదా, ఆ లోపు విడిది కోరియ దెల్ రీయోలో ఏర్పాటైంది. చేపల వల ఆరేసుకునే ఊరివాళ్లు రెండు కత్తులు నడుముకు దోపుకుని, జుట్టు నడినెత్తిన ముడివేసుకున్న మనుషుల్ని చూసింది అప్పుడే. అక్టోబరు 21న ఊరేగింపుగా ట్రియానా పడవల వంతెన మీదుగా సెవీయాలో ప్రవేశించారు. సొతేలో సొంతూరు కాబట్టి మర్యాదలు ఘనంగా జరిగాయి. రాజుగారి అల్కాసర్ కోటలోనే దింపారు. మసమునె నగరానికి రాసిన లేఖ సెవీయా పురపాలక దస్తావేజుల్లో ఇప్పటికీ ఉంది.

ఆ తర్వాతి కథ యూరప్ రాజకీయాలది. 1615 జనవరి 30న మాడ్రిడ్‌లో మూడో ఫెలిపె రాజు దర్శనం. ఫిబ్రవరి 17న హసెకుర బాప్తిస్మం. ఫెలిపె ఫ్రాన్సిస్కో అని కొత్త పేరు, జ్ఞానపిత లెర్మా డ్యూక్. నవంబరులో రోమ్‌లో పోప్ ఐదో పౌల్ దర్శనం, నగర పౌరసత్వ పత్రం.

రోమ్‌కి వెళ్లే దారిలో గాలి తిరగబడి ఓడ సాన్ త్రొపే రేవులో ఆగింది. ఫ్రాన్స్ గడ్డ మీద జపాన్ వాళ్లు అడుగుపెట్టడం అదే మొదలంటారు. అక్కడివాళ్లు రాసిపెట్టిన సంగతులు ఇప్పటికీ చదవబుద్ధేస్తాయి. అన్నం వేళ్లతో ముట్టరట, మూడు వేళ్ల మధ్య రెండు పుల్లలు పట్టుకుని తింటారట. అరచేయంత మెత్తని కాగితంతో ముక్కు తుడుచుకుని పారేస్తారట, ఒకసారి వాడింది మళ్లీ వాడరట. వీధిలో పడ్డ ఆ కాగితాల్ని ఏరుకోవడానికి ఊళ్లో జనం ఎగబడ్డారట. కత్తి అంచున కాగితం ముక్క పెట్టి ఊదితే చాలు, రెండుగా తెగేదట. నాలుగు వందల ఏళ్ల కిందటి ముక్కు కాగితం ఒక దస్తావేజుకెక్కింది. వెంట వచ్చిన నౌకర్లలో చాలామంది పేర్లు ఎక్కలేదు.

దౌత్యం మాత్రం ఫలించలేదు. వీళ్లు ప్రయాణంలో ఉండగానే, 1614లో, తొకుగవ షోగున్ ప్రభుత్వం క్రైస్తవ సన్యాసుల్ని వెళ్లగొట్టమని ఆజ్ఞ ఇచ్చింది. ఆ కబురు మాడ్రిడ్‌కి చేరాక వర్తక ఒప్పందం మాటెత్తేవాళ్లు లేకపోయారు. రోమ్ నుంచి తిరిగొచ్చిన హసెకుర సెవీయా దగ్గర లొరెతో మఠంలో నెలల తరబడి రాజుగారి జవాబు కోసం కాచుకుని, 1617 వేసవిలో ఉత్త చేతులతో బయల్దేరాడు. 1620లో ఇల్లు చేరి, రెండేళ్లకు కన్నుమూశాడు. దొంగచాటుగా జపాన్‌లో మళ్లీ అడుగుపెట్టిన సొతేలోని 1624లో ఒమురలో సజీవదహనం చేశారు. నౌకర్లు క్రైస్తవులన్న కారణంగా హసెకుర కొడుకుకి 1640లో మరణశిక్ష పడింది.

వచ్చినవాళ్లందరూ తిరిగి వెళ్లలేదు. స్వదేశంలో క్రైస్తవులకు పట్టే గతి తెలిశాక కొందరు వెనక్కి తగ్గారు. కోరియలో ఇంటింటా చెప్పుకునే కథ ఇక్కడే మొదలవుతుంది: సమురాయ్‌లు కొందరు నదీతీరంలోనే ఉండిపోయారు, ఊరి అమ్మాయిల్ని పెళ్లాడారు, వాళ్ల పిల్లలే హపోన్‌లు.

కథ నమ్మదగినదే. అయితే ఒక్క మాట దగ్గర ఆగాలి: సమురాయ్‌లు. ఓడ ఎక్కిన జపాన్ వాళ్లలో సమురాయ్‌లు ఇరవై రెండు మంది, తక్కినవాళ్లు వాళ్లకు అయిదింతలు. ఇంటి పరువు కోసం, దొర ఆజ్ఞ కోసం వచ్చినవాడికి తిరిగి వెళ్లి జవాబు చెప్పుకోవలసిన బాధ్యత ఉంటుంది. మూటలు మోసినవాడికి, గుర్రం పట్టినవాడికి, వంట చేసినవాడికి ఆ బరువు లేదు. ఉండిపోయేవాడు ఎవడై ఉంటాడని అడిగితే, నౌకరే అనిపిస్తుంది. నాలుగు శతాబ్దాల తర్వాత తాతను తలచుకునేటప్పుడు కత్తి పట్టినవాడే కళ్లముందుకొస్తాడు, తట్ట మోసినవాడు రాడు. అది ఒక్క కోరియ బలహీనతేమీ కాదు.

ఉండిపోయినవాళ్ల బతుకు ఎలా ఉండేదో చెప్పే పత్రం ఒకటి బయటపడింది. తోమస్ ఫెలిపె అనే జపాన్ వాడు 1622లో స్పెయిన్ రాజుకి అర్జీ పెట్టుకున్నాడు. హసెకుర బృందంతో వచ్చినవాడు. సాఫ్ర పట్నంలో దియెగో హరమీయో అనే వ్యక్తి దగ్గర పనికి కుదిరాడు. జీతం అడిగితే ఆ యజమాని ఇతన్ని బానిసగా లెక్కకట్టి ఒంటిమీద వాత పెట్టించాడు. తాను స్వేచ్ఛ ఉన్న మనిషినని, దేశానికి తిరిగి వెళ్లడానికి అనుమతి ఇమ్మని అర్జీ సారాంశం. రాజు పక్కన నిలబడి బాప్తిస్మం చూసిన బృందంలోని మనిషికే ఆ గతి పట్టిందంటే, రాయబారి వెళ్లిపోయాక ఈ కొద్దిమందికి అండ ఎంతపాటిదో తెలుస్తుంది.

బానిసత్వం మాట వచ్చింది కాబట్టి ఇంకో దారి కూడా చూడాలి. హసెకుర రాకముందే ఐబీరియాలో జపాన్ మనుషులున్నారు. 16వ శతాబ్దం రెండో సగంలో పోర్చుగల్ వర్తకులు నాగసాకి నుంచి మనుషుల్ని కొని మకావు, గోవా మీదుగా లిస్బన్ దాకా అమ్మారు. దాన్ని నిషేధిస్తూ పోర్చుగల్ రాజు సెబాస్టియన్ ఆజ్ఞ ఇచ్చినా వ్యాపారం ఆగలేదు. 1587లో జపాన్ పాలకుడు తొయొతొమి హిదెయొషి జెసూయిట్‌లను నిలదీసిన ప్రశ్నల్లో ఇదీ ఒకటి. లిస్బన్ నుంచి సెవీయా ఎంతో దూరం కాదు, పైగా ఐబీరియాలోని పెద్ద బానిస సంతల్లో సెవీయా ఒకటి. అలా వచ్చి విడుదలైన మనిషికి కూడా హపోన్ అనే గుర్తు తగలవచ్చు. రాయబారుల కథంత సొగసుగా ఉండదు గానీ, పక్కకు నెట్టేయదగినది కాదు. అయినా పేరు ఒక్క కోరియ దగ్గరే గూడుకట్టుకోవడం, ఆ ఊళ్లోనే బృందం విడిది చేయడం, రెండూ కాకతాళీయం అనడం కన్నా హసెకుర బృందానికి ముడిపెట్టడమే సబబుగా తోస్తుంది.

కాగితాల సాక్ష్యం ఇదీ: కోరియలోని సాంత మరీయ దె లా ఎస్త్రేయ చర్చి బాప్తిస్మపు పుస్తకాల్లో 1660ల నుంచి హపోన్ పేరు కనపడుతుంది. హసెకుర వెళ్లిపోయిన 1617కీ దీనికీ మధ్య రెండు తరాల ఎడం. ఫలానా హపోన్ ఫలానా ఓడలో వచ్చినవాడి కొడుకు అని చెప్పే ఒక్క ముక్కా లేదు. ఆ ఎడంలోనే 1649 ప్లేగు కూడా పడింది. సెవీయా జనాభాలో దాదాపు సగాన్ని తీసుకుపోయిన ప్లేగు అది. దాన్ని దాటి వచ్చిన పేరు కాబట్టి అప్పటికే ఒకటికి మించిన ఇళ్లలో ఉండి ఉంటుంది.

ఆ కాలంలో ఇంటిపేరు ఇప్పటిలా బిగుసుకుని ఉండేది కాదన్నది ఇంకో చిక్కు. అన్నకి తండ్రి పేరు, తమ్ముడికి అమ్మమ్మ పేరు వచ్చేవి. ఆస్తి ఇచ్చిన మేనమామ పేరు పెట్టుకున్నా అడిగేవాళ్లు లేరు. తండ్రిదొకటి, తల్లిదొకటి అనే ఇప్పటి క్రమం స్థిరపడింది 19వ శతాబ్దంలో, 1870 నాటి పౌర రిజిస్ట్రేషన్ చట్టం తర్వాత. ఇంకా చెప్పాలంటే మతం మారినవాళ్ల మనవళ్లని కూడా రక్తశుద్ధి అని వేధించిన కాలమది. 1609 నుంచి లక్షలాది మొరిస్కోలను, అంటే ముస్లిం మూలాలున్న క్రైస్తవుల్ని, దేశం నుంచి తరిమేశారు. పరాయితనం చాటే పేరు ఎవరైనా దాచుకుంటారు, లేదా మార్చుకుంటారు. హపోన్‌లు మార్చుకోలేదు. యూదుడు, మోరు అన్న మాటలకున్న మచ్చ హపోన్‌కి లేకపోవడమే కారణం కావచ్చు. ఆ పేరుతో పాత పగలేవీ లేవు.

మెక్సికోలో సరిగ్గా దీనికి వ్యతిరేకంగా జరిగింది. గ్వాదలహార నగరంలో 17వ శతాబ్దంలో ఇద్దరు జపాన్ వాళ్లు పేరుపడ్డ వర్తకులయ్యారు. ఒకాయన లూయిస్ దె ఎన్సీయో. 1634 నాటి వ్యాపార ఒప్పందం మీద జపాన్ లిపిలో కూడా సంతకం చేశాడు, ఫుకుచి అని. ఆయన అల్లుడు హువాన్ దె పాయెస్ ఒసాకాలో పుట్టి, గ్వాదలహార కథెడ్రల్ ఖజానా వ్యవహారాలు చూసే స్థాయికి ఎదిగి 1675లో చనిపోయాడు, కథెడ్రల్‌లోనే సమాధి. ఇద్దరూ స్పెయిన్ ఇంటిపేర్లే పెట్టుకున్నారు. వాళ్ల వారసులెవరో ఈరోజు పేరు చూసి పోల్చుకోలేం. డబ్బు చేసినవాళ్ల జాడ జనంలో కలిసిపోయింది. నదిఒడ్డున బెస్తపల్లెలో ఉండిపోయిన బీదవాళ్ల జాడ ఇంటిపేరై మిగిలింది.

మిగిలిందన్న మాటేగానీ, మూడు వందల ఏళ్లకు పైగా అది ఉత్త పేరే. జపాన్‌లో క్రైస్తవం నిషిద్ధం కావడంతో హసెకుర తెచ్చిన పోప్ చిత్రపటం, రోమ్ పౌరసత్వ పత్రం, శిలువలు సెందాయ్ భోషాణాల్లో మూలపడ్డాయి. ఇవాకుర తొమొమి నాయకత్వంలో జపాన్ ప్రభుత్వ బృందం 1873లో వెనిస్ వెళ్లినప్పుడు అక్కడి దస్తావేజుల్లో హసెకుర సంతకమున్న లేఖలు చూపిస్తే వాళ్లే ఆశ్చర్యపోయారు. సొంత దేశమే మరిచిపోయిన మనిషి! ఆ తర్వాత పరిశోధనలు సాగాయి. 1980లో ఎండో షూసాకు ఆయన జీవితం ఆధారంగా ‘సమురాయ్’ నవల రాశాడు. సెందాయ్‌లోని ఆ వస్తువులకు 2001లో జాతీయ సంపద హోదా, 2013లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో చోటు దక్కాయి.

కోరియలో కదలిక వచ్చింది 20వ శతాబ్దం చివర్లో. స్థానిక చరిత్రకారుడు విర్హీనియో కార్వహాల్ హపోన్ చర్చి పుస్తకాలు తిరగేశాడు. భూగోళశాస్త్ర ఆచార్యుడు హువాన్ మాన్వెల్ స్వారెస్ హపోన్, 1990ల మొదట్లో ఆండలూసియా ప్రభుత్వంలో సంస్కృతి శాఖ చూసినాయన, ఈ విషయాన్ని పదిమందిలోకి తెచ్చాడు. ఆయనకు హపోన్ తల్లి తరఫు పేరు. 1992లో సెవీయాలో ప్రపంచ ప్రదర్శన జరిగిన ఏడాదే, నది పక్క తోటలో హసెకుర విగ్రహం వెలిసింది, సెందాయ్ వైపు నుంచి వచ్చిన కానుక. 2011 మార్చి సునామీలో సెందాయ్ ప్రాంతం దెబ్బతిన్నప్పుడు, ఎన్నడూ చూడని ఆ ఊళ్ల కోసం కోరియవాళ్లు సంతాపం పాటించారు. 2013 జూన్‌లో అప్పటి యువరాజు, నేటి చక్రవర్తి నరుహితో వచ్చి చెర్రీ మొక్క నాటి, హపోన్‌లతో మాట్లాడి వెళ్లాడు.

ఇంత గౌరవం దక్కాక రుజువుల వేట మొదలవడం సహజం. వాటిలో కొన్ని నిలబడవు. కోరియ కింద చిత్తడి నేలల్లో వరి పండటం జపాన్ వారసత్వమని కొందరంటారు. నిజానికి ఆ మళ్లు 20వ శతాబ్దంలో వేసినవి, ఎక్కువ భాగం స్పెయిన్ అంతర్యుద్ధ కాలంలోనూ ఆ తర్వాతా. కొందరు పసిపిల్లల నడుం కింద పుట్టుకతో నీలి మచ్చ ఉంటుందని, అది ఆసియా రక్తానికి గుర్తని ఇంకో వాదన. ఆ మచ్చ మధ్యధరా ప్రాంతపు పిల్లల్లోనూ ఉంటుంది. దాన్ని పట్టుకుని సెందాయ్ దాకా వెళ్లలేం.

జపాన్ పరిశోధకులు 2013 ప్రాంతంలో హపోన్‌ల నుంచి డీఎన్ఏ నమూనాలు తీసుకున్నారు. ఇక్కడ లెక్క కాస్త కఠినంగా ఉంటుంది. నాలుగు వందల ఏళ్లంటే పద్నాలుగు తరాలు. పద్నాలుగో తరం పైన ఒక మనిషికి 16,384 పూర్వీకుల స్థానాలుంటాయి. అందులో ఒక్క స్థానంలో జపాన్ వాడుంటే, వాడి వంతు జన్యువులు పిసరంత కూడా మిగలకపోవచ్చు. ఊళ్లోవాళ్లలో వాళ్లే పెళ్లిళ్లు చేసుకున్నారు కాబట్టి ఒకే మనిషి ఎన్నో స్థానాల్లో ఉండే వీలుంది, వాటా కొంచెం పెరుగుతుంది. గట్టి సాక్ష్యం కావాలంటే తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వై క్రోమోజోమ్ చూడాలి. కానీ పాత స్పెయిన్‌లో పేరు కూతురి మీదుగానూ దత్తత మీదుగానూ పోయేది. ఒక్క తరంలో హపోన్ కూతురు తన పేరు కొడుక్కి ఇచ్చిందంటే చాలు, క్రోమోజోమ్ ఆమె పెనిమిటిది, ఇంటిపేరు జపాన్‌ది. కాబట్టి నమూనాలో జపాన్ గుర్తు దొరికితే అది రుజువే. దొరకకపోతే మాత్రం హపోన్‌లు కారని అర్థం కాదు.

కోరియ దాటి ఈ పేరు ఎక్కడికి వెళ్లింది? మొదట సెవీయాకీ, చుట్టుపక్కల నదీతీర గ్రామాలకూ. 1950లు, 60లలో ఆండలూసియా కూలీలు బార్సెలోనా కార్ఖానాలకు వలస వెళ్లిన రోజుల్లో మరికొన్ని ఇళ్లు ఉత్తరానికి చేరాయి. ఇంతవరకు ఊహకందేదే. దక్షిణ అమెరికాలో మాత్రం ఈ పేరు ఊహించని చోట కనపడుతుంది. ఈక్వడార్ దక్షిణాన లోహ రాష్ట్రంలో, ఆండీస్ కొండల్లో, సరగురో అనే ఆదివాసులున్నారు. నల్లటి ఉన్ని దుస్తులు, పొడవాటి జడ వాళ్ల గుర్తులు. క్విస్పె, గ్వమాన్ వంటి ఆండీస్ పేర్ల పక్కన వాళ్లలో హపోన్ అన్న ఇంటిపేరు బాగా వాడుకలో ఉంది. చూడగానే కోరియ నుంచి వెళ్లిన వలసదారు ఎవరో ఉంటారనిపిస్తుంది. ఆ తొందర పనికిరాదు. ఆదివాసుల పేర్లను స్పెయిన్ పూజారులు తమ చెవికి తోచినట్టు రాసుకున్న సందర్భాలు అమెరికా ఖండమంతటా ఉన్నాయి. అక్షరాలు ఒకటైనంత మాత్రాన రెండు పేర్లూ ఒక ఓడవి కావు.

పేరు ఇక ముందు ఎలా సాగుతుందన్నది ఇప్పుడు చట్టం చేతిలో ఉంది. స్పెయిన్‌లో పెళ్లయినా ఆడవాళ్ల ఇంటిపేరు మారదు, పిల్లలకి రెండు పేర్లూ వస్తాయి. కాని తల్లిది రెండో స్థానం కావడంతో మనవళ్ల దగ్గరికి వచ్చేసరికి జారిపోయేది. స్వారెస్ హపోన్ పిల్లలకు స్వారెస్ వస్తుంది, హపోన్ రాదు. 1999 చట్టం తల్లి పేరును ముందు పెట్టుకునే వీలిచ్చింది. 2017 నుంచి తండ్రి పేరే ముందు అనే నియమం కూడా లేదు. బిడ్డ పుట్టినప్పుడు ఏది ముందో తల్లిదండ్రులు రాసివ్వాలి, తేల్చుకోకపోతే రిజిస్ట్రారు తేలుస్తాడు. హపోన్ ఇంటి ఆడపిల్ల గార్సియా ఇంటి అబ్బాయిని పెళ్లాడితే, దేశంలో అన్నిటికన్నా ఎక్కువమందికున్న ఇంటిపేరా, ఒక్క ఊళ్లో పుట్టిన ఇంటిపేరా అన్నది ఇప్పుడు ఆ ఇద్దరూ బిడ్డ పేరు నమోదు చేయించేటప్పుడు కాగితం మీద పెట్టాల్సిన నిర్ణయం.